కోసిన చేయి, అతికిన చేయి

శూర్పణఖ ముక్కు కోసినదెవరో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తోలుబొమ్మలాటలో ఆ ఘట్టానికి జనం నవ్వుతారు కూడా. తెగిన ముక్కును తిరిగి నిలిపినవాడి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలిన కావస్జీ అనే మరాఠా సేద్యగాడు టిప్పు సేనకు చిక్కాడు. ముక్కూ ఒక చేయీ నరికివేశారు. ఏడాదికి పైగా అలాగే బతికాడు. చివరకు పూనా దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు అతనికి ముక్కు పెట్టాడు. మైనపు రేకుతో కొలత తీసి, దాన్ని నుదుటిపై పరచి, ఆ గీత వెంట చర్మాన్ని లేపాడు. కనుబొమల నడుమ చిన్న తొడిమను తెగనివ్వకుండా చర్మాన్ని తిప్పి కిందికి దించాడు. ఆ తొడిమ గుండా నెత్తురు పారబట్టే కొత్త ముక్కు బతికింది. ఇరవై అయిదు రోజులనాటికి గాని దాన్ని కోయరు. అతకడానికి వాడింది తాంబూలంలోని కాచు!

1794 అక్టోబరులో లండను ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ ఈ సంగతి ప్రకటించింది. 1814లో కార్ప్యూ అక్కడ ఆ పనే చేశాడు. రోగి పేరు అచ్చయింది. కార్ప్యూ పేరు నిలిచింది. ఇటుకలవాడిది కులం ఒక్కటే అచ్చయింది.

ఇదంతా సుశ్రుతుడు చెప్పిందేనని పండితులంటారు. నిజమే, కాని అతడు చెప్పినది చెంప చర్మం. నుదుటికి మారిన ఆ విద్య, నాకు తోచినంతలో, చేతులు నేర్చిన విద్య. చికిత్సకుని అన్నం చీముతో సమానమన్నది మనుస్మృతి. గాయాన్ని ముట్టినవాణ్ణి పంక్తికి దూరంచేసినవారు వాడి పనితనాన్ని జాతి ఘనతగా ఎలా చెప్పుకుంటారు?

క్యాన్సరు ముక్కును తిన్నచోట సర్జన్లు నేటికీ నుదుటి చర్మాన్నే, అలాంటి తొడిమతోనే దించుతున్నారు. దానికి ‘ఇండియన్ పద్ధతి’ అని పేరు.