ఎవరి ఎదుట ఇచ్చిన మాట?

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కుర్రకారు ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే లెర్నర్ లైసెన్స్‌కు, స్లాట్ బుక్ చేసుకోగానే ఫోన్‌లో మాక్ టెస్టులు మొదలుపెడతారు. ఎర్ర అంచు త్రికోణం కనిపిస్తుంది, కింద మూడు జవాబులు, వేలితో తాకగానే సరైనది పచ్చగా మారుతుంది. కొద్ది రోజుల్లోనే గుర్తులన్నీ నోటికి వచ్చేస్తాయి. ఇక డ్రైవింగ్ స్కూల్లో బెంచీ మీద కూర్చుని పాఠం వినడం దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. పాఠమంటే సమాచారమే అయితే ఫోన్ గెలిచినట్టే. అది విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా చెబుతుంది, అర్ధరాత్రయినా చెబుతుంది. అయితే రోడ్డు నియమం వట్టి సమాచారం అని నేననుకోను. ఎడమ పక్కనే వెళ్తానని, ఎర్రలైటు పడితే ఆగుతానని ముక్కూమొహం తెలియని వాళ్లకు ఇచ్చే మాట అది. మాట ఇవ్వాలంటే ఎదుట మనిషి ఉండాలి.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ మరణాల్లో నూటికి డెబ్బైకి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. వేగం ప్రాణం తీస్తుందని తెలియనివాడెవడు? తెలిసిన దానికీ నడుచుకునే తీరుకూ మధ్య ఉండే ఈ ఎడం గురించి బౌద్ధ సంఘం చాలా లోతుగా ఆలోచించింది. భిక్షువులకు వినయ నియమాలు కంఠతా వచ్చు. అయినా ప్రతి పున్నమికీ, అమావాస్యకీ అందరూ ఒకచోట చేరాలి. ఒకరు నియమాలు వల్లిస్తుంటే మిగిలినవాళ్లు వినాలి. తప్పినవాళ్లు చెప్పుకోవాలి, మౌనంగా ఉంటే తప్పలేదని ఒప్పుకున్నట్టు లెక్క. జ్ఞాపకం కోసమే అయితే ఎవరి గదిలో వారు వల్లించుకుంటే సరిపోయేది. పక్కవాడు వింటున్నాడన్నదే అక్కడ అసలు సంగతి. మన 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో నూటికి అరవై వస్తే పాసు. సమాచారంగా చూస్తే అరవై మంచి మార్కే. కానీ నలభై పాళ్లు మినహాయించుకున్న మాటను నమ్మి రోడ్డు దాటేదెవరు?

యాసంగి కోతలప్పుడు వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో సగం తారురోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. కుప్ప అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రికి టార్పాలిన్ కప్పుతారు. బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి మరీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. మాక్ టెస్టులో దీనిమీద ప్రశ్న ఉండదు. తరగతిలో ఈ సంగతి ఎత్తితే, వడ్లు పోసిన ఇంటి బిడ్డా, ఆ రాయి తగిలి పడినవాడి తమ్ముడూ ఒకే బెంచీ మీద ఉండొచ్చు. కల్లం లేక పోసినమని ఒకరంటారు, పాణం పోతే ఎవరిస్తరని ఇంకొకరంటారు. వాదన తెగకపోవచ్చు. అయినా తన బండికి అడ్డొచ్చేదాన్ని వెనకాల ఉన్న మనిషితో సహా చూడటం అక్కడ మొదలవుతుంది. ఒంటరిగా స్క్రీన్ చూసుకుంటే ఆ మనిషి ఎదురు కాడు.

దీనికి గట్టి అభ్యంతరం ఏకలవ్యుడి వైపు నుంచి వస్తుంది. తరగతి తలుపు అందరికీ తెరుచుకోదు. ద్రోణుడు కాదన్నా అతను అర్జునుడికి దీటుగా నేర్చుకున్నాడు. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల యువకుడికీ, పొద్దంతా బట్టల షాపులో నిలబడే అమ్మాయికీ ఫోన్ పాఠమే న్యాయం చేస్తుంది. దాన్ని తీసేయమనడం తప్పు, అలా అనడం నా ఉద్దేశమూ కాదు. కానీ విలువిద్య సాధనకు విలుకాడూ గురీ ఉంటే చాలు. బండి నడిపేచోట మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు. పైగా ఏకలవ్యుడు సైతం మట్టితో గురువు బొమ్మ చేసి ఎదురుగా నిలుపుకున్నాడు. ఎవరూ చూడని అభ్యాసం అతనికీ చాలలేదు.

తరగతులు పెట్టినంత మాత్రాన ప్రమాదాలు తగ్గాయా అని కూడా అడగాలి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డికాబ్ కౌంటీలో 1970ల చివర సుమారు 16 వేల మంది హైస్కూలు విద్యార్థులతో పెద్ద ప్రయోగమే చేశారు. శిక్షణ వల్ల కలిగిన మేలు స్వల్పం, అదీ ఎంతో కాలం నిలవలేదు. ఇది దాటవేయదగ్గ సాక్ష్యం కాదు. నాలుగు గోడలకు మహిమ ఏమీ లేదు. హాజరు వేసి, చార్టు చూపి పంపేసే తరగతి కంటే ఫోనే నయం. అందుకే నేను కోరేది కొద్దిగానే. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లో కారు కోర్సు 29 గంటలు, అందులో థియరీ 8 గంటలు. గుర్తులు, ఇంధన పొదుపు లాంటివి ఫోన్‌కు వదిలేయొచ్చు. గాయపడినవాడికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత అనే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌నూ, సాయపడ్డవాడికి రక్షణనిచ్చే 134ఏనూ మాత్రం అభ్యర్థులు ఒకరి మొహం ఒకరు చూస్తూ పైకి చెప్పాలి. అందుకు ఒక గంట చాలు, వేరే ప్రయాణం కూడా అక్కర్లేదు. డ్రైవింగ్ టెస్టు ఫోన్‌లో జరగదు కనుక ములుగు యువకుడైనా ట్రాక్ దగ్గరికి ఎలాగూ రావాల్సిందే. ఆ రోజే, బండి ఎక్కకముందే, లైన్లో ఉన్నవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే సరిపోతుంది.