సముద్రం పెరుగుతోందా? ఆ కొలతను నమ్మవచ్చా?



కొల్లేటి చుట్టుపక్కల విచారణలలో "అయిదవ కాంటూరు" అనే మాట వినని ఇల్లు ఉండదు. 1999 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 120వ నెంబరు జీ.ఓ. ద్వారా అయిదవ కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ గీత లోపల ఉన్న చేపల చెరువుల గట్లను యంత్రాలతో కొట్టివేశారు. 2008లో శాసనసభ ఆ హద్దును మూడవ కాంటూరుకు తగ్గించాలని తీర్మానం చేసింది. ఆ గీత వల్ల బ్రతుకు తెరువు పోయినవారూ, ఆ గీతే తమకు రక్ష అని నమ్మినవారూ మన గుడిలో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటున్నారు.

ఇంతకీ అయిదవ కాంటూరు అంటే ఏమిటి? సగటు సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున నేల మీద గీసిన గీత. అంటే మన చెరువు గట్టు ఉండాలా, పోవాలా అన్నది ఎక్కడో సముద్రపు ఒడ్డున తీసిన కొలతను బట్టి తేలింది. సముద్ర మట్టం మనకు దూరపు సంగతి కాదు.

ఆ కొలత గూర్చే నేడు లోకమంతటా మరొక తగవు నడుస్తోంది. భూమి వేడెక్కుతోంది, అందుకు సముద్రం పెరగడమే ఒక సాక్ష్యం అని శాస్త్రజ్ఞులు అంటున్నారు. నిమిషం నిలవని అలల మీద మిల్లీమీటర్ల లెక్క ఎలా తీస్తారు, ఇదంతా భయపెట్టడానికే అని మరికొందరు అంటున్నారు. ఇది శాస్త్రజ్ఞులు తేల్చుకోవలసిన విషయమే. అయితే కొలత మీద అనుమానం ఎంతవరకు న్యాయం, ఎక్కడ నుంచి అది సాకు అవుతుంది అన్నది మాత్రం మన మనస్సాక్షి తేల్చవలసిన ప్రశ్న.

ముందు కొలత సంగతి చూద్దాం. రేవులో నిలువుగా ఒక గొట్టం దించుతారు. దానికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. పైన అల ఎంత ఎగిరిపడినా గొట్టం లోపలి నీరు నిలకడగా లేచి దిగుతుంది. పోటుకు ఎంత పెరిగింది, పాటుకు ఎంత తగ్గింది అన్నది గంట గంటకూ నమోదు చేస్తారు. ఏళ్ల తరబడి ఆ లెక్కలు కలిపి సగటు తీస్తే ఆటుపోట్లు ఒకదానితో ఒకటి సరిపోయి మట్టం తేలుతుంది. 1909లో సర్వే ఆఫ్ ఇండియా వారు దేశమంతటి ఎత్తుల లెక్కను సరిచేసినప్పుడు ఇలాంటి తొమ్మిది రేవుల సగటు మట్టాన్నే సున్నగా పెట్టుకున్నారు. బొంబాయి, మద్రాసు, విశాఖపట్నం వాటిలోనివి.

బొంబాయి రికార్డు 1878 నుంచి, విశాఖపట్నం రికార్డు 1937 నుంచి ఉన్నాయి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఉన్నికృష్ణన్, శంకర్ ఇలాంటి పాత రికార్డులను పరిశీలించి 2007లో ఫలితం ప్రకటించారు. మన సముద్రాలలో మట్టం ఏడాదికి 1.06 నుంచి 1.75 మిల్లీమీటర్ల వరకు పెరిగిందని అందులో తేలింది. ఉపగ్రహాల లెక్క ప్రకారం 1993 నుంచి 2012 వరకు ఉత్తర హిందూ మహాసముద్రంలో పెరుగుదల ఏడాదికి 3.2 మిల్లీమీటర్లు. ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021 నివేదికలో లోకమంతటికీ చెప్పిన లెక్క చూడండి. 1901 నుంచి 1971 వరకు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు. 2006 నుంచి 2018 వరకు 3.7 మిల్లీమీటర్లు. అంటే పెరగడమే కాదు, పెరిగే వేగం కూడా హెచ్చింది.

ఇప్పుడు అనుమానాలను ఒక్కొక్కటిగా తీసుకుందాం. అనుమానించడం పాపం కాదు. తోమాసును ప్రభువు వెళ్లగొట్టలేదు, గాయాన్ని చూపించాడు.

మొదటి అనుమానం: గొట్టాన్ని నేలకే కదా బిగించారు, నేల కుంగితే నీరు పెరిగినట్లు కనిపించదా? కనిపిస్తుంది. కలకత్తాకు దిగువన హుగ్లీ నది మీద డైమండ్ హార్బరులో ఏడాదికి 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుదల కనిపించింది. అందులో పెద్ద భాగం డెల్టా నేల కుంగడం వల్లనేనని పరిశోధకులే చెప్పారు. విశాఖ గట్టి రాతి తీరం. మనది ఒండ్రు నేల. ఏటేటా నది కొత్త ఒండ్రు తెచ్చి పోస్తేనే డెల్టా తన ఎత్తు నిలుపుకుంటుంది. 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తరువాతి సంవత్సరాలలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలినది ఆనకట్టల వెనుక ఆగిపోతోంది. కాబట్టి మన తీరంలో నీరు ముందుకు వస్తే అందులో సముద్రం వాటా ఎంత, నేల వాటా ఎంత అని అడగడం న్యాయమే. అడగకపోవడమే తప్పు. ఒకదాని వెనుక పొగగొట్టాలు ఉన్నాయి, మరొకదాని వెనుక ఆనకట్టలు ఉన్నాయి. ఒకరి తప్పును మరొకరి మీద వేయరాదు.

రెండవ అనుమానం: 1300 కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహానికి మిల్లీమీటరు ఎలా కనిపిస్తుంది? ఒక్కొక్క కొలతలో నిజంగానే కొన్ని సెంటీమీటర్ల తేడా రావచ్చు. చేపల కాటా దగ్గర ఉండేవారికి ఈ లెక్క తెలుసు. ఒక తూకంలో ముల్లు కాస్త అటు, మరొక తూకంలో కాస్త ఇటు ఊగినా వేల తూకాల సగటు సరిగానే వస్తుంది. కానీ కాటాలోనే ఒకవైపు లోపం ఉంటే ఎన్ని తూకాలు వేసినా సరికాదు. అప్పుడు మరొక కాటా మీద వేసి చూడవలసిందే. 1992లో ఎగిరిన మొదటి ఉపగ్రహం విషయంలో జరిగింది ఇదే. దాని లెక్కను రేవుల గొట్టాల లెక్కతో పోల్చి చూసినప్పుడు, మొదటి ఆరేళ్లలో అది పెరుగుదలను ఎక్కువ చేసి చూపినట్లు 2015లో పరిశోధకులు బయటపెట్టి సరిచేశారు. తమ వాదానికి అనుకూలంగా ఉన్న తప్పును తామే పట్టుకున్నారు. వ్యాపారంలో అలా చేసేవారిని మనం ధర్మాత్ములంటాం.

పైగా ఈ రెండు కాటాలే కాదు. సముద్రంలో తేలుతూ లోతుల వేడిని కొలిచే పరికరాలు ఉన్నాయి. 2002 నుంచి ధ్రువాల మంచు బరువును ఉపగ్రహాలు తూచుతున్నాయి. వేడికి నీరు ఉబ్బినంత, మంచు కరిగి వచ్చి చేరినంత కలిపితే పెరిగిన మట్టానికి దగ్గరగా సరిపోతోంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని ద్వితీయోపదేశకాండం కోరింది. ఇక్కడ ఒకరినొకరు ఎరుగని సాక్షులు ఒకే మాట చెబుతున్నారు.

మూడవ అనుమానం: సముద్రం పూర్వం కూడా వచ్చింది, పోయింది కదా? నిజమే. దాదాపు ఆరువేల ఏళ్ల క్రితం కొల్లేరు సముద్రాన్ని అంటిపెట్టుకున్న ఉప్పునీటి మడుగు. తరువాత కృష్ణా గోదావరులు పోసిన ఒండ్రు వల్ల తీరం ముందుకు జరిగి అది లోతట్టున మంచినీటి సరస్సుగా మిగిలింది. అయితే ఒకప్పుడు పిడుగు పడి గడ్డివాము కాలిందని, నేడు అగ్గిపుల్ల గీసినవాడు నిర్దోషి అవుతాడా? సముద్ర మట్టం భూమి వేడెక్కిందనే సాక్ష్యం చెబుతుంది. వేడెక్కించింది ఎవరో అదొక్కటే చెప్పలేదు. ఆ సంగతి గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు, బొగ్గు, చమురు మండించిన లెక్కలు చెబుతాయి. ఏ సాక్షిని ఏ ప్రశ్న అడగాలో తెలుసుకోవడం కూడా న్యాయంలో భాగమే.

ఇక మనస్సాక్షి సంగతి. లేవీయకాండం 19వ అధ్యాయం తూకంలో, కొలతలో మోసం చేయరాదని కట్టడ చేస్తుంది. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తుంది. ఈ రెండూ ఇరుపక్షాల వారికీ వర్తిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి లంక గ్రామాలు నీట మునిగినప్పుడు, అదంతా సముద్రం పెరగడం వల్లనే అని చెప్పేవారు ఉంటే అది అబద్ధ సాక్ష్యమే. ఆ నీరు కుండపోత వానది, తెగిన గట్లది. మంచి కార్యం కోసమైనా అబద్ధం అబద్ధమే. అది బయటపడిన నాడు నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అయితే రెండవ తప్పు ఇంతకన్నా సూక్ష్మమైనది. తనకు లాభం ఉన్నచోట గోరంత రుజువుతో తృప్తిపడి, తనకు నష్టం ఉన్నచోట కొండంత రుజువు అడగడం. కాంటూరు గీత మన పొలాన్ని విడిచిపెడితే ఆ సర్వే దివ్యంగా ఉందంటాం, మన చెరువు మీదుగా పోతే సర్వేయే తప్పంటాం. పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు సముద్రం విషయంలో చేసేదీ అదే. ఇది దొంగ త్రాసే. త్రాసు ఇనుముతో చేసినా, మనసుతో చేసినా దేవుని ఎదుట ఒకటే.

పునీత తోమాసు అక్వినాసు సాక్షుల గూర్చి రాస్తూ, మనుషుల వ్యవహారాలలో గణితంలోవలె సంపూర్ణమైన రుజువు దొరకదని, చాలా సందర్భాలలో నిజమని తేలే నిశ్చయత చాలునని బోధించారు. మన పెద్దలు బ్రతికింది కూడా అలాగే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తరువాత, తుపాను హెచ్చరిక వస్తే పడవను ఒడ్డుకు లాగనివారు లేరు. ఆ తుపాను మన తీరాన్నే తాకుతుందని రుజువు చూపమని ఎవరూ అడగరు. తాకకపోతే పోయేది ఒకరోజు వేట. తాకితే పోయేది ప్రాణం. నష్టం భరించేది మనమైనప్పుడు మనకు ఈ వివేకం ఉంది. నష్టం భరించేది మన మనుమలు, పల్లంలో ఉన్న పేదలు అయినప్పుడు ఆ వివేకం ఏమవుతోంది?

మిల్లీమీటర్లే కదా అని తేలికగా తీసుకోవద్దు. కొల్లేరు మూడవ కాంటూరు వద్ద 135 చదరపు కిలోమీటర్లు, అయిదవ కాంటూరు వద్ద 308. రెండడుగుల ఎత్తులో అంత తేడా! ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల లెక్కన పాతికేళ్లకు మూడున్నర అంగుళాలు దాటుతుంది. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. దాని పొడవు అరవై కిలోమీటర్లు, వాలు బహు తక్కువ. చివర సముద్రం కాస్త ఎత్తయితే వరదనీరు తీయడం ఆలస్యం అవుతుంది, వేసవిలో ఉప్పునీరు మరింత పైకి ఎక్కుతుంది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ ముంపును చూసినవారికీ, ఏలూరులో తమ్మిలేరును చూసినవారికీ నీరు తీయకపోవడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

2015లో "లౌదాతో సీ" విశ్వలేఖలో కీర్తిశేషులైన పోపు ఫ్రాన్సిస్ గారు, శాస్త్ర సంబంధమైన తగవులను శ్రీసభ తేల్చబోదని, నిజాయితీతో కూడిన చర్చ జరగాలని రాశారు. ఆ చర్చలో మనకూ పాలు ఉంది. ప్రతి విచారణలోనూ వరద వచ్చిన ప్రతిసారీ నీరు ఎంతవరకు వచ్చిందో గుడి గోడ మీద గీత గీసి తేదీ రాసిపెట్టండి. వేసవిలో ఏ బావి, ఏ బోరు ఉప్పన అయిందో ఒక పుస్తకంలో నమోదు చేయండి. పదేళ్ల తరువాత అధికారుల ఎదుట అది మన సాక్ష్యం అవుతుంది. దానితోపాటు మన చేతిలో ఉన్న పని కూడా చేద్దాం. ఉప్పుటేరుకు, డ్రెయిన్లకు అడ్డంగా మన గట్టు ఉంటే, సముద్రం లెక్క తేలేవరకు ఆగకుండా దాన్ని మనమే తీసివేద్దాం.

కొలతను ఎంతైనా పరీక్షించండి. కాని మీకు అనుకూలమైన కొలతను ఎంత గట్టిగా పరీక్షిస్తారో, ప్రతికూలమైన దాన్నీ అంతే గట్టిగా పరీక్షించండి. పరీక్షకు నిలిచిన తరువాత దాని ప్రకారం నడుచుకోండి. మన పిల్లలకు మనం అప్పగించబోయే నేల, సముద్రానికి నాలుగైదు అడుగుల ఎత్తులో ఉన్న నేల.