దృశ్యమా, దర్శనమా?

పట్టిసం రేవులో పడవ కదలగానే జనం చూపంతా నది నడుమనున్న దేవకూట పర్వతం మీదికే మళ్లుతుంది. కొండపైన వీరభద్రుడు, చుట్టూ గోదావరి. స్వామికి దండం పెట్టుకుని బయటికొచ్చినవారు గుడి దగ్గరే ఆగి, ఎగువన కొండల వైపు చూస్తూ అలా ఉండిపోతారు. అది పూజలో భాగమా, విహారమా?

‘దృశ్యం’, ‘దర్శనం’ రెండూ ఒకే ధాతువు బిడ్డలు. న్యాయం, సాంఖ్యం, వేదాంతం వంటి తత్త్వమార్గాలనూ మన పెద్దలు దర్శనాలనే అన్నారు. వారి లెక్కలో చూడటమంటే తెలుసుకోవటమే. అద్వైతం ఇంకా లోపలికి వెళ్లి, కనిపించేదాన్ని కాదు, చూసేవాడెవరో విచారించమంటుంది. భక్తుడు మాత్రం కళ్లెదుటి నీళ్లనే గోదారమ్మ అంటాడు. ఈ సీమ మనసు భక్తుడి వైపే మొగ్గింది. అదే సబబు కూడా.

అంతర్వేదిలో వశిష్ఠ పాయ కడలిని చేరే చోటుకు అన్నాచెల్లెళ్ల గట్టని పేరు. నీళ్ల కలయికలోనూ చుట్టరికాన్నే చూసిన కళ్లవి!

ధవళేశ్వరంలో కథ వేరు. అక్కడ ఆర్థర్ కాటన్ 1847లో మొదలైన ఆనకట్టను 1852 నాటికి నిలబెట్టాడు. మనిషి కట్టిన కట్టడమే అయినా, దాని నీటితో పండిన చేలను చూసిన రైతు చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అదీ దర్శనమే.

అయితే రేవులో తేలే ప్లాస్టిక్ కవర్లు కంటపడని దర్శనం సగమే. 2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. స్నానమయ్యాక ఒక్క క్షణం నిలిచి నదిని చూడండి. పసుపు కుంకుమలు తెచ్చిన కవరును మీతోనే ఇంటికి తీసుకెళ్లండి.