వానలు వెలిశాక వచ్చేవాళ్ళం

ఈ దసరాకి ముందు మా బెంగళూరు ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు, సెలవలకి మీ నంద్యాల వైపు వెళ్తే చూడ్డానికి ఏమైనా ఉందా అని. ఊరి పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు తెలీదు. కూర్చుని ఒక పేజీ రాసి పంపాను. శరదృతువులోనే ఎందుకు రావాలో కూడా రాశాను. మహానంది కోనేట్లో నీళ్ళు ఏడాది పొడవునా ఊరుతూనే ఉంటాయి, అడుగున పడ్డ రూపాయి బిళ్ళ కనపడేంత తేటగా. వెనకాల నల్లమల ఇంత పచ్చగా ఉండేది మాత్రం ఈ రెండు మూడు నెలలే. కార్తీకంలో నవనందులనూ పొద్దు గుంకేలోగా చుట్టి రావడం ఇక్కడి ఆనవాయితీ; సొమ్మసిల్లకుండా తిరగొచ్చు. ఆళ్ళగడ్డలో శిల్పులు రాయి చెక్కుతుంటే నిలబడి చూడొచ్చు. అక్కణ్ణించి అహోబిలం దగ్గరే. ఎగువ అహోబిలంలో భవనాశిని పారుతుంటుంది, జ్వాలా నరసింహుడి దగ్గర కొండ మీంచి నీళ్ళు పడుతుంటాయి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ సరేసరి.

మెచ్చుకుంటాడని ఆ పేజీని ఆళ్ళగడ్డ దగ్గర పల్లెలో ఉండే మా చిన్నాయనకీ పంపాను. ఫోన్ చేశాడు. "బాగనే రాసినావు గానీ నాయనా, మే నెల్లో రమ్మని యాడా రాయలేదే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నేనూ నవ్వాను. తర్వాత లెక్కేసుకుంటే, ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళలో నేను ఎండాకాలం ఊరికెళ్ళింది రెండుసార్లు. రెండూ చావులకే.

అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు. ఒక ఊరు బాగున్నప్పుడు మాత్రమే దాని దగ్గరికి వెళ్ళేవాడు దాన్ని "మా ఊరు" అనొచ్చా?

టూరిస్టు సంగతి వేరు. అతనికి ఊరితో బాకీ ఏమీ లేదు. మంచి రోజులు చూసుకుని వస్తాడు, చూస్తాడు, వెళ్తాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అరిస్టాటిల్ స్నేహాలు మూడు రకాలన్నాడు: అవసరం కోసం చేసేవి, సంతోషం కోసం చేసేవి, అవతలి మనిషి కోసమే చేసేవి. మొదటి రెండూ ఆ కారణం పోగానే పోతాయట. ఆయన చెప్పింది మనుషుల గురించి, ఊళ్ళకి సాగదీస్తున్నది నేను. ఆ లెక్కన నేను రాసి పంపిన పేజీ నిండా రెండో రకం కారణాలే. టూరిస్టు కారణాలు చెప్తే నిజాయితీ. నేను అవే కారణాలు చెప్తూ పైన "మా" అని తగిలిస్తున్నాను.

ఇక్కడ నాలోని ఇంజనీరు అడ్డం పడతాడు. మేలో నంద్యాల 44 డిగ్రీలు దాటుతుంది. నువ్వెళ్ళి ఆ ఎండలో కూర్చుంటే ఎవరికి చల్లబడుతుంది? నిజమే. పైగా నా కూలర్లో పొయ్యడానికి మా పిన్నమ్మ ఇంకో రెండు బిందెలు మొయ్యాలి. ఇంకొకరి కష్టంలో పోయి కూర్చుని అదే ప్రేమ అనుకోవడం ఒక రకం డాంబికం. కాబట్టి ఎండలో మాడటం ధర్మం అని నేననను.

కానీ నేను పోగొట్టుకుంటున్నది వేరే ఉంది. ఎండాకాలం తెలియనివాడికి శరత్తు కూడా అర్థం కాదు. దసరాకి వెళ్ళినప్పుడు కొండ మీద కమ్ముకున్న మబ్బుని ఫోటో తీస్తున్నాను. చిన్నాయనా దాన్నే చూస్తున్నాడు. మాది నల్లరేగడి. వానలు వెలిశాక నేల పదును చూసుకుని శనగ విత్తాలి. ఇంకా కురిస్తే చేలో ట్రాక్టరు దిగదు, ముందే ఆరిపోతే మొలక రాదు. ఆ తర్వాత ఆ పైరు చాలామటుకు నేలలో నిలిచిన తేమతోనూ మంచుతోనూ పండాలి. పక్క చేలో పత్తి కాయలు పగిలి ఉన్నాయి. ఒక్క జల్లు పడితే పత్తి రంగు మారి ధర పడిపోతుంది. నేను "ఎంత బాగుందో!" అంటుంటే ఆయన "పోతే బాగుండు" అంటున్నాడు. ఇద్దరం ఒకే మబ్బు గురించే. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల చుట్టుపక్కల పొలాలు మునిగాయి, మహానంది గుళ్ళోకి కూడా నీళ్ళొచ్చాయి. ఆ వార్తలు నేను బెంగళూరులో ఫోన్లో చూశాను.

అహోబిలం దర్శించిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శరత్తుతో ఆగలేదు. గ్రీష్మాన్నీ వర్షాన్నీ కూడా తీరుబడిగా వర్ణించాడు, వానాకాలం తడికట్టెలతో పొయ్యి రాజెయ్యలేక ఆడవాళ్ళు పడే అవస్థతో సహా. ఒక చక్రవర్తికి ఆ పొగ ఎట్లా తెలిసిందో అని ఎప్పుడూ ఆశ్చర్యమే నాకు. దక్షిణాపథాన్ని ఏలినాయన చూసినంత మేరా నేను నా సొంత పల్లెలో చూడలేదు.

అహోబిలం దేవుడూ రాకపోకల విషయంలో నాకంటే నయం. పారువేట అని, సంక్రాంతి మరునాడు కనుమ రోజు పల్లకీలో బయల్దేరి, నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు, నా పెళ్ళికి రండని పిలవడానికి. పంట బాగా పండిన ఊరికీ వస్తాడు, ఎండిపోయిన ఊరికీ వస్తాడు. అది శిశిరం. ఇంగ్లీషువాళ్ళ ఆటమ్‌ని మనం ఆకురాలు కాలం అని తెలుగు చేస్తాం గానీ, నల్లమలలో ఆకులు రాలేది అప్పుడే. ఆ రోజుల్లో మా వైపు చూడ్డానికి రమ్మని నేనెవరికీ రాయను. కొండ బోడిగా ఉంటుంది.

మొన్న చిన్నాయనకి ఫోన్ చేసి, ఈసారి మేలో వస్తానన్నాను. "వద్దులే రా, ఎండకి సచ్చిపోతావు. ఊరికే పండుకోడానికి ఎందుకు? శనగ కోతకి రా, ఫిబ్రవరిలో. కూలోళ్ళు దొరకడంల్యా" అన్నాడు. వారం రోజులు లీవు పెట్టాను. ఆ వారమే రిలీజు ఉందని మేనేజరు గొణుగుతున్నాడు.