కుదుపు ఎవరికి?

అనంతపురం పక్కనున్న కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా పెట్టెలు మోసే పికప్‌కు వెనక ఇరుసు మీద కమాన్ పట్టీలే ఆధారం. అదనంగా ఒక పట్టీ వేయిస్తే లోడుతో ఉన్నప్పుడు బండి కుంగదు. ఖాళీగా తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం నడుం పట్టేస్తుంది. అందుకే ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య రబ్బరు దిమ్మో, గాలి నింపే బెలూనో బిగించుకోవడం మేలు. లోడు పడి కమాన్ వంగినప్పుడే రబ్బరు దిమ్మ పనిలోకి దిగుతుంది. బెలూన్‌లో గాలిని బరువును బట్టి తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఊగుడును ఆపే పని షాక్ అబ్జార్బర్‌ది.

ఇంతకీ కుదుపు తగిలేది ఎవరికి?

కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఆత్మ రథికుడు. అయితే సుఖదుఃఖాలు అనుభవించే భోక్త ఒట్టి ఆత్మ కాదు, ఇంద్రియ మనస్సులతో కూడిన ఆత్మ. మిళింద రాజుతో వాదించిన బౌద్ధ భిక్షువు నాగసేనుడు అసలుకే ఎసరు పెట్టాడు: ఇరుసు రథం కాదు, చక్రమూ కాదు, అన్నీ కూడినచోట వాడుకగా పెట్టుకున్న పేరే రథం; మనిషి సంగతీ అంతే.

కుదుపు ఎవరికి తగిలినా, శీతోష్ణాలను ఓర్చుకున్నట్టే ఓర్చుకోమంటుంది గీత. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సేద్యం చేసే అనంతపురానికి ఓర్పు ఒకరు నేర్పాలా? పైగా ఆ ఉపదేశం ఎవరి నొప్పిని వారు తట్టుకోవడం గురించి. చట్టం వద్దంటున్నా పెట్టెల మధ్య కూర్చుని వచ్చే కూలీల నొప్పిని ఓర్చుకోవడానికి బండి యజమాని ఎవరు? దిమ్మలు వేయించాల్సింది ఆయనే. టమాటా ధర పడిపోయిన వారం ఆ ఖర్చే ముందు వాయిదా పడుతుంది.