అస్లాన్ యేసు అయితే, మరి నేను ఏడ్చింది ఎవరి కోసం?

నార్నియా పుస్తకాలు ఇష్టంగా చదివిన మన అమ్మాయిలకి ఎప్పుడో ఒకప్పుడు ఒక సంగతి తెలుస్తుంది. ఆ బంగారు సింహం అస్లాన్ నిజానికి క్రీస్తు రూపమని. తెలిశాక కొందరికి మోసపోయినట్టు ఉంటుంది. "మరి నేను అంత ఏడ్చింది ఎవరి కోసం?" అంటారు. నవ్వి తీసేయాల్సిన ప్రశ్న కాదిది.

మోసం మాత్రం లేదు. రచయిత సి.ఎస్. లూయిస్ ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం బోధించినాయన. యౌవనంలో నాస్తికుడు, 1931లో క్రైస్తవంలోకి తిరిగొచ్చాడు. 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు నార్నియా పుస్తకాలు వచ్చాయి. తన విశ్వాసాన్ని ఆయన ఎక్కడా దాచలేదు. నార్నియాలాంటి లోకం ఒకటి ఉంటే, అక్కడికి దేవుని కుమారుడు సింహంగా వస్తే ఎలా ఉంటుందో ఊహించానని ఆయనే చెప్పుకున్నాడు.

మీరు ఏడ్చిన ఘట్టం నాకు తెలుసు. ఎడ్మండ్ చేసిన ద్రోహానికి బదులుగా అస్లాన్ తన ప్రాణం ఇస్తాడు. ఆ రాత్రి రాతి బల్ల దగ్గర మిగిలింది ఇద్దరు ఆడపిల్లలే, సూసన్, లూసీ. చిట్టెలుకలు వచ్చి కట్లు కొరుకుతాయి, తెల్లవారుతుంది, బల్ల పగులుతుంది, ఆయన లేచి నిలబడతాడు. సువార్తల్లో కూడా సమాధి దగ్గరికి తెల్లవారకముందే వెళ్ళింది స్త్రీలే. లూయిస్ ఆ చోటు అమ్మాయిలకే ఇచ్చాడు. పన్నెండేళ్ళ వయసులో చదివితే మీరూ వాళ్ళ పక్కనే కూర్చుంటారు. ఆ ఏడుపు నిజమైనదే.

ఇక్కడ మనవాళ్ళు వెంటనే ఒక మాట అంటారు: "అస్లాన్ అంటే మన నరసింహస్వామే కదా!" సింహాచలం, అహోబిలం, యాదాద్రి ఉన్న నేల మీద పుట్టాం, సింహం కనిపిస్తే చేతులు జోడిస్తాం, సహజమే. కానీ తొందరపడొద్దు. నరసింహుడు బాధపెట్టేవాణ్ణి చీల్చడానికి వచ్చాడు. అస్లాన్ తప్పు చేసినవాడి బదులు తాను చావడానికి వెళ్ళాడు. రెండు కథల గుండెకాయలు వేరు. ఇంకొకరి దేవుడికి మన పేరు తగిలించేస్తే గౌరవం అనుకుంటాం గానీ, వాళ్ళ కథని మనం విననట్టే.

ఇక నొప్పి ఉన్న చోటికి వద్దాం. నార్నియాకి దక్షిణాన కలార్మెన్ అనే దేశం ఉంటుంది. నల్లటి ఛాయ మనుషులు, తలపాగాలు, ఎందరో దేవతలు. వాళ్ళ ప్రధాన దైవం తాష్‌కి నాలుగు చేతులు, పక్షి తల. చివరి పుస్తకంలో తాష్ నిజంగానే వస్తాడు, రాక్షసుడిగా. పూజగదిలో నాలుగు చేతుల విష్ణువుకీ, ఆయన వాహనమైన గరుత్మంతుడికీ దణ్ణం పెట్టుకుని బడికి వెళ్ళే పిల్లకి అది చదువుతుంటే ఎక్కడో గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే మీ భక్తిలో లోపం లేదు, మీ చదువులోనూ లేదు.

ఆ దేశపు పిల్లే అరావిస్. ముసలి మంత్రితో పెళ్ళి తప్పించుకోవడానికి గుర్రం మీద పారిపోతుంది. నాకు ఆ ఏడు పుస్తకాల్లో నచ్చిన అమ్మాయి ఆమే. పారిపోయేటప్పుడు సవతి తల్లి దాసికి మత్తుమందు ఇస్తుంది, ఆ దాసి కొరడా దెబ్బలు తింటుంది. తర్వాత సింహం అరావిస్ వీపు మీద గీరుతుంది. ఆ దాసి ఎంత బాధపడిందో అంతే. కర్మఫలం అంటే ఏమిటని అడిగే పిల్లలకి ఈ ఘట్టం చెప్పొచ్చు. కానీ ఒకటి గమనించండి: అరావిస్ బాగుపడాలంటే తన ఊరూ, తన దేవతలూ వెనకే ఉండిపోవాలి. కథ ఆమెకి వేరే దారి ఇవ్వదు.

లూయిస్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి ఎమెత్ సంగతీ చెప్పాలి. వాడు జీవితమంతా తాష్‌ని నిజాయితీగా కొలిచిన కలార్మెన్ యువకుడు. అస్లాన్ వాణ్ణి అక్కున చేర్చుకుని, నువ్వు చేసిన మంచి సేవంతా నాకే చెందిందంటాడు. వినగానే గీత తొమ్మిదో అధ్యాయం, ఇరవై మూడో శ్లోకం గుర్తొస్తుంది కదూ? వేరే దేవతల్ని శ్రద్ధతో కొలిచేవాళ్ళూ నన్నే కొలుస్తున్నారు, కాకపోతే విధి తప్పి, అంటాడు కృష్ణుడు. ఆ "విధి తప్పి" అన్నది మనం సభల్లో సాధారణంగా మింగేస్తాం! ఎమెత్ స్థానంలో కూర్చుంటే మీకు ఎలా అనిపించిందో, మన శ్లోకం వింటే మీ క్రైస్తవ స్నేహితురాలికీ అలాగే అనిపించొచ్చు. ఇద్దరూ తలుపు తీస్తున్నారు, ఇల్లు మాత్రం తమదే అంటున్నారు.

సూసన్ సంగతి కూడా అడుగుతారు. పెద్దయ్యాక లిప్‌స్టిక్, మేజోళ్ళు, పార్టీల మీద మనసు పెట్టి నార్నియాని ఆటగా కొట్టిపారేసిందని ఆమె చివర్లో కనిపించదు. నాకిది మింగుడుపడదు. గోపికలు అలంకరించుకునే కృష్ణుడి దగ్గరికి వెళ్ళారని చెప్పుకునేవాళ్ళం మనం. అయితే సూసన్ చనిపోలేదు, బతికే ఉంది. ఆమెకి ఇంకా సమయం ఉందని, తన దారిలో చేరుకోవచ్చని లూయిస్ ఒక పిల్లవాడికి ఉత్తరం రాశాడు.

పుస్తకం దాచేయకండి. ఆ స్నేహితురాలు ఉంటే రాతి బల్ల రాత్రిని ఆమె ఎలా చదువుకుంటుందో అడగండి. ఆమె చెప్పాక మీరు ప్రహ్లాదుడి కథ చెప్పండి. స్తంభం పగలడం దగ్గర ఆపేయకండి. ఆ తర్వాత వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు తనని చంపబోయిన తండ్రి పాపం పోవాలని అడిగాడే, అక్కడిదాకా చెప్పండి. వచ్చే వీడియోలో మనం మొదలుపెట్టేదీ ఆ వరం దగ్గరే.