ఇవాళ్టి కొలత

తణుకులో ఒక దర్జీ తాత ఉండేవాడు. బడులు తెరిచే రోజుల్లో తల్లులందరిదీ ఒకటే మాట: "ఎదిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టు బాబాయ్." తాత నవ్వేవాడు. "ఎదుగుదలను మడత లోపల దాస్తానమ్మా. పైకి మాత్రం ఇవాళ్టి కొలతే."

హైదరాబాదులో ఉండే కొడుకు కారు కొని, పది నెలల కూతురితో సంక్రాంతికి వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు పాప సీటును రోడ్డు వైపు తిప్పబోయాడు. "వెనక్కి తిరిగి కూర్చుంటే దానికేం కనిపిస్తుంది నాన్నా?"

తాత టేపు తీసి మనవరాలి తల కొలిచాడు, తరవాత ఛాతీ. రెండూ దాదాపు సమానం. "ఇంత తలకు ఇంత లేత మెడ! బండి ఠక్కున ఆగితే తల ముందుకు విసురుగా పోతుంది. వెనక్కి తిరిగుంటే ఆ విసురును సీటు వీపే కాస్తుంది. రోడ్డుదేముంది, తరవాత చూస్తుందిలే."

"నేను ఒళ్ళో పెట్టుకుంటాగా" అంది నాయనమ్మ.

"నీ చేతులు ముద్దు చేయడానికి చాలు, బ్రేకుకు చాలవు."

పాపకు నాలుగేళ్ళొచ్చాయి. పెద్దదైందని కోడలు పెద్దవాళ్ళ బెల్టే పెట్టింది. అది మెడకు ఒరుసుకుంటుంటే చంక కిందికి తోసింది.

"ఈ బెల్టు ఎవరి కొలతకు చేశారమ్మా?"

"పెద్దవాళ్ళకే మామయ్యగారూ."

"మరి నీ జాకెట్టు పిల్లకు తొడిగి పిన్నీసులు పెడతావా? కింది పట్టీ పొట్ట మీదికి ఎక్కింది చూడు. పొట్టలో ఎముకేది? పట్టు తుంటి ఎముక మీద ఉండాలి."

డిక్కీలోంచి పాత సీటు తీయించి, ముందువైపుకు బిగించి, దాని మీది చీటీ చదివించాడు: 18 కిలోల దాకా. పిల్ల 15. భుజం పట్టీలను ఒక మెట్టు పైకి ఎక్కించాడు. "చూశావా, మడత లోపలే ఉంది!" లావుపాటి స్వెటరు విప్పించి పట్టీ బిగించాడు. వేళ్ళతో చిటికెడు పట్టబోతే దొరకలేదు. "ఇదీ కుట్టు."

ఎనిమిదో ఏట పిల్ల మూతి ముడిచింది. "మా క్లాసులో ఎవరూ బూస్టర్ మీద కూర్చోరు తాతా."

"అటక అందకపోతే పీట వేసుకుంటాం. అందులో సిగ్గేముంది తల్లీ? ఇది నిన్ను బెల్టుకు అందించే పీట."

పదకొండేళ్ళప్పుడు ఆ పిల్ల బూస్టర్ లేకుండా వెనక సీట్లో నడుము ఆనించి కూర్చుంది. మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాయి. పై పట్టీ భుజం మధ్యగా దిగింది, కింది పట్టీ తొడల మొదట్లో ఆనింది. తాత టేపు పెడితే 146 సెంటీమీటర్లు. ఆయన టేపు చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక తమ్ముణ్ణి నువ్వు కొలువు."

నీతి: పిల్లల కారు సీటును రేపటి కోసం పెద్దది కొనకూడదు, మురిపెం కొద్దీ ముందే మార్చకూడదు. చీటీలోని ఎత్తు, బరువు దాటేదాకా ఆ సీటే సరైనది. వెనక్కి తిరిగే సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చి, బెల్టు సరిగ్గా కుదిరేదాకా బూస్టర్ కావాలి. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 1,000 రూపాయల జరిమానా వేస్తుంది. చట్టం వయసు వరకే చెబుతుంది. కొలత తీయాల్సింది ఇంట్లోవాళ్ళే.